లీనియర్ సంగతి తర్వాత, ముందు ఆ ఎస్7 నాయిస్ చూడండి

ప్రశ్న: చెన్నై పెరంబూరులో మూడంతస్తుల ఇంట్లో పై వాటా మాది. రెండేళ్ల కిందట హ్యామ్ రేడియో జనరల్ గ్రేడ్ లైసెన్స్ వచ్చింది. 100 వాట్ల ఐకామ్ ఐసీ-7300 రిగ్ (పంపడానికీ వినడానికీ ఒకటే రేడియో) ఉంది. డాబా మీద 40 మీటర్ల బ్యాండుకి ఇన్వర్టెడ్-వీ (తిరగేసిన వీ ఆకారంలో కట్టిన తీగ యాంటెన్నా), అక్కణ్నుంచి రిగ్ దాకా దాదాపు 30 మీటర్ల ఆర్‌జీ-58 కోయాక్స్ కేబుల్. పోయిన అక్టోబరులో సీక్యూ వరల్డ్ వైడ్ ఎస్‌ఎస్‌బీ (గొంతుతో మాట్లాడే) కాంటెస్ట్‌లో రెండు రోజులూ కూర్చున్నా 60 కాంటాక్టులు దాటలేదు. సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) వేస్తే పలికే నాథుడు లేడు. 40 మీటర్లలో నాయిస్ ఎప్పుడూ ఎస్7 (రిగ్ మీటరు మీద సిగ్నల్ బలం కొలత). ఈసారి లీనియర్ యాంప్లిఫయర్ (పంపే పవర్ పెంచే పెట్టె) కొనాలనుకుంటున్నాను. మంచిదేనా? ఇంకేమైనా చేయాలా?

సమాధానం: ఈ ఏడాదికి లీనియర్ వద్దు. ఒక కారణం పోటీ నియమాల్లోనే ఉంది. 100 వాట్ల దాకా లో పవర్ విభాగం, ఒక్క వాటు దాటినా హై పవర్. మీరు తెచ్చే 400 వాట్లు వెళ్లి, 1500 వాట్లూ టవర్ల నిండా బీమ్‌లూ (ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెన్నాలు) ఉన్నవాళ్ల వరసలో నిలబడతాయి. ఇంకో కారణం ఉత్త లెక్క. 100ను 400 చేస్తే పెరిగేది 6 డీబీ (డెసిబెల్), అవతలివాళ్ల మీటరు మీద ఒక ఎస్-యూనిట్. మీ నాయిస్‌ను ఎస్7 నుంచి ఎస్3కి దింపితే పుస్తకం లెక్కన 24 డీబీ. రిగ్‌ల మీటర్లు పుస్తకం ప్రకారం నడవవు, యూనిట్‌కి 3 డీబీ చూపేవీ ఉన్నాయి. అలా చూసినా 12 డీబీ, లీనియర్ ఇచ్చేదానికి రెండింతలు. నిరుడు మిమ్మల్ని ఎవరూ పిలవలేదనుకుంటున్నారు. ఎస్5లో పిలిచినవాళ్లు మీ ఎస్7 అడుగున మునిగిపోయి ఉంటారు. ఇలాంటి స్టేషన్‌ని హ్యామ్‌లు మొసలి అంటారు, నోరు పెద్దది, చెవులు కనబడవు. లీనియర్ పెడితే నోరు ఇంకా పెద్దదవుతుంది, అంతే.

నాయిస్ వేట ఒక సాయంత్రం పని. రిగ్‌ని 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టండి, కారుదైనా ఇన్వర్టర్‌దైనా పరవాలేదు. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఖాళీ చోట ఏఎమ్ మోడ్‌లో మీటరు ఎంత చూపుతోందో రాసుకోండి. తర్వాత ఇంటి మెయిన్ ఆపండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ విడిగా ఆపాలి, మెయిన్ తీయగానే అది మేలుకుని తన నాయిస్ తాను మొదలుపెడుతుంది. మీటరు పడిపోయిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క ఎంసీబీ వేస్తూ చూడండి. ఎక్కువగా దొరికేవి ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, వైఫై రౌటర్ అడాప్టర్, ల్యాప్‌టాప్ ఛార్జర్, బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఇన్వర్టర్ ఏసీ. చవక అడాప్టర్‌కి ఫెరైట్ (నాయిస్‌ను అడ్డుకునే అయస్కాంత పదార్థపు ముక్క) చుట్టే శ్రమకన్నా మార్చేయడం సులువు. మెయిన్ ఆపినా మీటరు కదలకపోతే దొంగ పొరుగింట్లో. బ్యాటరీ ట్రాన్సిస్టర్ రేడియోని మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి మెట్లమీదా గోడల వెంటా తిరగండి, గరగర ఎక్కడ పెరిగితే అక్కడ. ఒక హెచ్చరిక: ఈ కాంటెస్ట్ అక్టోబరు ఆఖరి పూర్తి వారాంతంలో వస్తుంది, దీపావళి చుట్టుపక్కలే. బాల్కనీలకు సీరియల్ లైట్లు వేలాడే వారం అది. సెప్టెంబరులో ఎస్3కి దింపాను కదా అని నిశ్చింతగా ఉండొద్దు. పక్కింటివాళ్లతో ముందే మంచిగా మాట్లాడి, లైట్లు ఏ వేళకు ఆపుతారో కనుక్కోండి.

ఇంట్లో అన్నీ సర్దినా మిగిలే నాయిస్‌లో పెద్ద వాటా కోయాక్స్ పైతొడుగు మీద పాకి యాంటెన్నా దాకా పోయి లోపలికి దిగేది. దీనికి మందు ఫీడ్ పాయింట్ (కోయాక్స్ యాంటెన్నాకి కలిసే చోటు) దగ్గర కామన్-మోడ్ చోక్ (పైతొడుగు మీద పాకేదాన్ని ఆపే చుట్ట). ఎఫ్‌టీ240 సైజు టొరాయిడ్ (ఫెరైట్ ఉంగరం), 31 రకం, మీద 12 చుట్లు ఆర్‌జీ-58. 43 రకమైనా 20 మీటర్ల బ్యాండులోనూ దానికన్నా పై ఫ్రీక్వెన్సీల్లోనూ బాగానే పనిచేస్తుంది. రిగ్ వెనక అలాంటిదే ఇంకొకటి. రిచీ స్ట్రీట్‌లో పాత కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌ల నుంచి పీకిన పసుపు-తెలుపు టొరాయిడ్లు కుప్పలుగా అమ్ముతారు, అవి కొనకండి. అవి ఐరన్ పౌడర్, ఈ పనికి రావు. చుట్టి చూస్తే ఏ తేడా ఉండదు, చోక్‌లంటేనే నమ్మకం పోతుంది.

ఇక ఆ 30 మీటర్ల ఆర్‌జీ-58. 28 మెగాహెర్ట్జ్‌లో అది సుమారు 2.5 డీబీ తినేస్తుంది. 100 వాట్లు పంపితే పైకి చేరేవి 56. వినడంలోనూ అంతే నష్టం. ఆర్‌జీ-213 వేస్తే నష్టం దాదాపు సగానికి తగ్గుతుంది, పొడవు 20 మీటర్లకు కుదించగలిగితే ఇంకా మంచిది. సముద్రపు ఉప్పుగాలి పెరంబూరు దాకా వస్తుంది కాబట్టి కనెక్టర్ల మీద సెల్ఫ్-అమాల్గమేటింగ్ టేపు, దానిపైన మామూలు పీవీసీ టేపు చుట్టండి. కోయాక్స్ కిందికి దిగేచోట ఒక వంపు వదిలితే వాన నీరు అక్కడే కారిపోతుంది, కనెక్టర్ దాకా రాదు.

అసలు దెబ్బ యాంటెన్నా దగ్గర తగిలింది. 40 మీటర్ల బ్యాండు తీగ 15 మీటర్ల బ్యాండులో మూడో హార్మోనిక్ (మూడింతల ఫ్రీక్వెన్సీ) మీద కొంత పలుకుతుంది. 20లో, 10లో దాని ఇంపీడెన్స్ వేల ఓముల్లో ఉంటుంది. 7300 లోపలి ట్యూనర్ మామూలుగా ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రిగ్‌తో ఎంత పొసగలేదో చెప్పే కొలత) 3 దాకానే సర్దగలదు. అంటే పగటి బ్యాండ్లలో నిరుడు మీరు దాదాపు మూగవారే. అదే ఫీడ్ పాయింట్‌కి 20 మీటర్ల బ్యాండు తీగలు కూడా కట్టండి. మొత్తం పొడవు మీటర్లలో 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వస్తుంది: 14.2కి 10.07, అంటే ఒక్కో వైపు 5.03. ప్లాస్టిక్ తొడుగున్న తీగైతే రెండు మూడు శాతం తక్కువే పడుతుంది. అయినా ఒక్కో వైపు 20 సెంటీమీటర్లు ఎక్కువ వదిలి తర్వాత కత్తిరించుకోండి. ముందు 40 తీగను సరిచేసి తర్వాత 20కి రండి, ఒకటి కదిలితే రెండోది జరుగుతుంది. రెండు తీగల మధ్య 15 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, పీవీసీ గొట్టం ముక్కలతో ఆపండి. ఎడం తగ్గితే 20 రెసొనెన్స్ ఎక్కడికి పోయిందో వెతుక్కోవాల్సి వస్తుంది. వీ కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు. కొసల దగ్గర వోల్టేజీ ఎక్కువ, బట్టలారేసేవాళ్ల చేతికి అందకుండా కనీసం రెండున్నర మీటర్ల ఎత్తున కట్టండి. తీగగానీ గుంజగానీ పడితే ఈబీ కరెంటు లైన్ మీద పడే వీలున్న చోట అసలు పెట్టొద్దు.

10 మీటర్ల బ్యాండుకి విడిగా మోక్సన్ యాంటెన్నా కట్టండి. లీనియర్ డబ్బుల్లో పదో వంతు కూడా కాదు. రెండు ఎలిమెంట్లను కొసల దగ్గర ఒకదానివైపు ఒకటి మడిచిన చట్రం అది. 28.4 మెగాహెర్ట్జ్‌కి సుమారు 3.85 మీటర్ల వెడల్పు, 1.4 మీటర్ల లోతు, ఎదురెదురు కొసల మధ్య 13-14 సెంటీమీటర్ల సందు. తీగ మందాన్ని బట్టి ఇవి కొద్దిగా మారతాయి, లెక్క వేసే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఆ సందే దీనికి ప్రాణం, సన్నటి నైలాన్ తాడుతో అది సాగకుండా కట్టండి. 50 ఓముల కోయాక్స్ నేరుగా, చోక్‌తో. డైపోల్ (మీ ఇన్వర్టెడ్-వీ లాంటి మామూలు రెండు చేతుల తీగ) కన్నా దాదాపు 4 డీబీ ఎక్కువ వస్తుంది, వెనకనుంచి వచ్చే గోల 20 డీబీ దాకా పడిపోతుంది. రెండోది లీనియర్ ఎన్నటికీ ఇవ్వలేని లాభం. చట్రానికి వెదురు బద్దలు, గుంజకి పందిళ్లకు వాడే సరుగుడు కర్ర సరిపోతాయి. డాబా మీద 5 మీటర్ల ఎత్తు చాలు. కర్రను అడుగున చేత్తో తిప్పగలిగేలా వదులుగా బిగిస్తే రోటేటర్ ఖర్చూ ఉండదు.

దిక్కులు: చెన్నై నుంచి మధ్య యూరప్ 320 డిగ్రీల దగ్గర, అంటే వాయవ్యం. జపాన్ 55, ఈశాన్యం. న్యూయార్క్ 335-340, ఉత్తర వాయవ్యం. డైపోల్ తీగకు అడ్డంగా ఎక్కువ పలుకుతుంది కాబట్టి తీగను ఈశాన్యం నుంచి నైరుతికి లాగితే యూరపూ అమెరికా తూర్పు తీరమూ దొరుకుతాయి. జపాన్ తీగ కొసకు పడుతుంది, అయినా ఇన్వర్టెడ్-వీలో కొస మరీ చెవిటిది కాదు. ఈశాన్యం ఖాళీగా ఉంచమని ఇంట్లో పెద్దవాళ్లంటే సరేననండి, మీకు ఖాళీ కావలసింది వాయవ్యం. అటువైపు లిఫ్టు గదీ నీళ్ల ట్యాంకూ ఉంటే గుంజను రెండో మూలకు జరపండి.

పాయింట్లు ఎలా వస్తాయో తెలిస్తే ఎప్పుడు ఏ బ్యాండులో ఉండాలో దానంతటదే తేలుతుంది. వేరే ఖండం 3 పాయింట్లు, ఆసియాలోనే వేరే దేశం 1, మనదేశం 0. మల్టిప్లయర్లు దేశాలూ జోన్లూ (పోటీ కోసం ప్రపంచాన్ని విడగొట్టిన భాగాలు), ప్రతి బ్యాండులోనూ విడివిడిగా. స్కోరంటే పాయింట్ల మొత్తాన్ని మల్టిప్లయర్లతో గుణించడం. ఉదాహరణకు 60 కాంటాక్టుల్లో 40 యూరప్, 20 ఆసియా అనుకుంటే 140 పాయింట్లు. మల్టిప్లయర్లు 35 అయితే 4,900. పాత బ్యాండులోనే ఇంకో జపాన్ స్టేషన్ తగిలితే 35 మాత్రమే పెరుగుతుంది. అదే కొత్త బ్యాండులో కొత్త దేశం, కొత్త జోన్ ఉన్న ఒక యూరప్ స్టేషన్ పడితే 143 సార్లు 37, అంటే 5,291. ఒక్క కాంటాక్టుకి 391. మన వీయూ (భారతదేశపు కాల్ సైన్ల, అంటే స్టేషన్ పేర్ల, ముందక్షరాలు) స్టేషన్ ఒకటి ప్రతి బ్యాండులో పట్టుకోండి, పాయింటు రాకపోయినా దేశమూ 22వ జోనూ వస్తాయి. రెండో వీయూ దగ్గర ఆగి కబుర్లు చెప్పుకోవద్దు.

ఆ 22వ జోనే మీ పెట్టుబడి. మనతోబాటు శ్రీలంక, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మాల్దీవులు, లక్షద్వీప్ మాత్రమే అందులో ఉన్నాయి (అండమాన్ 26లోకి పోతుంది). యూరప్‌లో వందలమంది ఒక్కొక్క బ్యాండులో ఒక 22 కోసం వెతుకుతుంటారు. మీరు వినబడే వేళకు వినబడే చోట ఉంటే వాళ్లే వస్తారు.

ఆ వేళలు మన టైములో ఇలా ఉంటాయి. పోటీ శనివారం ఉదయం 5:30కి మొదలై సోమవారం 5:29కి ముగుస్తుంది. మొదటి అరగంట 40లో గడపండి. ఆ రోజుల్లో చెన్నైలో సూర్యోదయం 6 గంటల ప్రాంతంలో, వెలుగు వచ్చేకొద్దీ యూరప్ మాయమవుతుంది. అక్కణ్నుంచి 20. ఎండెక్కాక 15, 10ల్లో జపాన్, తూర్పు ఆసియా, పసిఫిక్. మధ్యాహ్నం పన్నెండున్నరకు యూరప్‌లో తెల్లవారి 10 తెరుచుకుంటుంది. సాయంత్రం ఆరున్నర దాకా ఉన్న ఆ ఆరు గంటలే మీ పంట. భోజనం పదకొండున్నరకే ముగించండి. ఆ తర్వాత 15, రాత్రి 9 నుంచి 20, అర్ధరాత్రి దాటితే 40. ఒకటిన్నర నుంచి నాలుగున్నర దాకా పడుకోండి, డైపోల్‌తో ఆ మూడు గంటల్లో పోయేది తక్కువ, నిద్రలేక మర్నాడు మధ్యాహ్నం తప్పులు రాస్తే పోయేది ఎక్కువ. సౌరచక్రం దిగుతున్నకొద్దీ 10 బలహీనపడుతుంది, అప్పుడు ఇదే వరస 15కి జరుగుతుంది. అనుమానమొస్తే 14.100, 21.150, 28.200ల మీద బీకన్లు (వరసగా సంకేతాలు పంపే పరీక్షా స్టేషన్లు) వినండి. ప్రపంచమంతటా 18, ఒక్కోటి 10 సెకన్లు, మూడు నిమిషాల్లో చుట్టు పూర్తి. పేరు చెప్పాక నాలుగు డాష్‌లు వస్తాయి, 100 వాట్ల నుంచి 0.1 దాకా. శ్రీలంక బీకన్ మనకు పక్కిల్లు, అది బాగా వినబడిందని సంబరపడొద్దు.

సీక్యూ వేసే చోటు కూడా ముఖ్యమే. అమెరికావాళ్లు మాట్లాడగలిగేది 40లో 7.125, 20లో 14.150, 15లో 21.200, 10లో 28.300 పైనే. దానికి కింద సీక్యూ వేస్తే వాళ్లు విన్నా పలకలేరు. 20 మధ్యలో 100 వాట్లతో చోటు నిలుపుకోవడం కష్టం, అక్కడ మీరే వెతికి పిలవండి. 10 విశాలం. 28.5కి పైకి వెళ్లి 3 కిలోహెర్ట్జ్ ఖాళీ చూసి, ఖాళీయేనా అని రెండుసార్లు అడిగి, అక్కడ పాతుకోండి. సీక్యూని రిగ్ వాయిస్ మెమరీలో రికార్డు చేయండి, నాలుగు సెకన్లు మించకుండా. తర్వాత రెండు, రెండున్నర సెకన్లు విని మళ్లీ. అయిదారు నిమిషాల్లో ఎవరూ రాలేదని లేచిపోకండి. క్లస్టర్‌లో (ఎవరు ఎక్కడ వినబడుతున్నారో ఇంటర్నెట్‌లో రాసే పట్టిక) ఎవరో ఒకరు మీ పేరు వేసేదాకా అలాగే ఉంటుంది, వేశాక గుంపు ఒక్కసారిగా పడుతుంది. ఆ ఏటి నియమాలు చూడకుండా మీ పేరు మీరే మాత్రం వేసుకోవద్దు.

గుంపు పడ్డప్పుడు తడబడేది ఇక్కడే. ఒక్క అక్షరమైనా సరిగా పట్టుకుని దాన్నే పిలవండి, ఎంత గట్టివాడు అడ్డొచ్చినా మొదట పిలిచినవాణ్ని వదలొద్దు. వదిలారని తెలిస్తే క్రమశిక్షణ పోయి అందరూ ఒకరిమీద ఒకరు అరుస్తారు. అతని పూర్తి కాల్ సైన్, ఆ వెంటనే ‘ఫైవ్ నైన్ టూ టూ’ (సిగ్నల్ రిపోర్టు 59, మీ జోన్ 22), అంతే. ‘ప్లీజ్ కాపీ’, వాతావరణం, పేరు, ఊరు, ఏమీ వద్దు. అతని జోన్ రాగానే ‘థాంక్యూ’, మీ కాల్ సైన్, తర్వాతివాడు. కాల్ సైన్ చెప్పకుండా ఉత్త ‘క్యూఆర్‌జెడ్’ (పిలిచేదెవరు) అంటూ పోతే, కొత్తగా వచ్చినవాళ్లు మీరెవరో తెలియక కాసేపు విని జారుకుంటారు. మన నోట ‘వీ’కీ ‘డబ్ల్యూ’కీ తేడా సరిగా పలకదు కాబట్టి అక్షరాలు చదవకుండా ఎప్పుడూ ‘విక్టర్ యూనిఫామ్’ అనే చెప్పండి. టూ టూ అర్థం కాలేదంటే అదే ఇంకా గట్టిగా అరవక, ‘ట్వంటీ టూ’ అని మార్చి చెప్పండి. ఇదివరకే కలిసినవాడు మళ్లీ పిలిస్తే వాదించకుండా రాసేయండి, డూప్‌కి జరిమానా లేదు, వాదనకి పది సెకన్లు పోతాయి.

మీరే వెతికి పిలిచేటప్పుడు బ్యాండు పైనుంచి కిందికి ఒక వరసలో రండి. మీ కాల్ సైన్ మాత్రమే, ఒక్కసారి, పూర్తిగా. మూడు పిలుపులకు పలక్కపోతే లాగింగ్ (కాంటాక్టులు నమోదు చేసే) ప్రోగ్రాం బ్యాండ్‌మ్యాప్‌లో గుర్తు పెట్టి ముందుకు పోండి, ఇరవై నిమిషాలకు అక్కడ రద్దీ ఉండదు.

రిగ్ అమరికలు: నాయిస్ బ్లాంకర్ ఆపండి, పక్కన గట్టి స్టేషన్లున్నప్పుడు అది బ్యాండంతా చిందరవందర చేస్తుంది. 40లో ప్రీయాంప్ తీసి అవసరమైతే అటెన్యుయేటర్ వేసి, ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించండి. ఫిల్టర్ 2 కిలోహెర్ట్జ్ దగ్గర, ఏజీసీ ఫాస్ట్. కంప్రెషన్ 6 నుంచి 10 డీబీ, ఏఎల్‌సీ మీటరు గీత దాటకూడదు. దాటితే గొంతు పగిలి పక్కవాళ్ల మీద చిమ్ముతుంది, వాళ్లు జరగరు, మిమ్మల్నే జరుపుతారు. పవర్ సప్లై నుంచి రిగ్‌కి వైరు 4 చదరపు మిల్లీమీటర్లది, 2 మీటర్లు మించకుండా. పూర్తి పవర్‌లో ఈ రిగ్ 21 ఆంపియర్లు లాగుతుంది. ఇంటి వైరింగ్‌కి వాడే 2.5 వేస్తే 0.6 వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ మీద నడిపేటప్పుడు అదే రిగ్‌ని 11.7 వోల్టుల కిందికి తోసి ఆపేస్తుంది. మాట్లాడగానే ల్యాప్‌టాప్ స్తంభించిపోతుంటే యూఎస్‌బీ వైరుకి ఫెరైట్ వేయండి.

లాగింగ్‌కి ఎన్‌1ఎంఎం ప్రోగ్రాం చాలు, ఉచితం. గడియారం యూటీసీకి (అంతర్జాతీయ ప్రామాణిక సమయానికి) సరిగా ఉందో ముందురోజే చూసుకోండి. కాల్ సైన్ కొట్టగానే అది జోన్ నింపేస్తుంది, అక్కడ జాగ్రత్త. అమెరికాలో 3, 4, 5, రష్యాలో 16 నుంచి 19 ఏదైనా కావచ్చు, చెవితో విన్నదే రాయాలి. తప్పు రాస్తే ఆ కాంటాక్టు పోతుంది. తప్పు కాల్ సైన్‌కైతే పైన జరిమానా కూడా.

అక్టోబరు ఆఖరంటే మీ ఊళ్లో ఈశాన్య రుతుపవనాలు దిగే వేళ. ఉరుము వినబడగానే మైకు దించండి. రిగ్ స్విచ్ ఆపితే చాలదు, కోయాక్స్‌లు ఊడదీసి కిటికీ బయట ఎర్తు చేసిన రాగి ప్లేటుకి తగిలించండి, పవర్ సప్లై ప్లగ్ పీకండి. చేయి పెట్టి ఊడదీసే పని మెరుపులు దూరాన ఉన్నప్పుడే, నెత్తిమీదికి వచ్చాక దాని జోలికి పోవద్దు. 40లో చిటపటలు ఎస్9 దాటి పెరుగుతున్నాయంటే వాన ఇంకా దూరాన ఉన్నా బయల్దేరినట్టే, డాబా మీద చేయాల్సిన పనుంటే అప్పుడే ముగించుకోండి. తినడానికి పులిహోర చేయించుకోండి, రెండో పూటకీ చెడదు. చెంచాతో తింటే కీబోర్డు బతుకుతుంది.

సోమవారం పొద్దున ముగియగానే క్యాబ్రిల్లో ఫైలు (పోటీకి పంపే రూపంలో లాగ్) తీసి పంపేయండి. గడువు అయిదు రోజులే, శనివారం ఉదయం 5:29తో సరి. విభాగం దగ్గర సింగిల్ ఆపరేటర్, ఆల్ బ్యాండ్, లో పవర్. క్లస్టర్ తెరిచి చూసి ఉంటే అసిస్టెడ్ అని నిజాయితీగా పెట్టండి. లైసెన్స్ వచ్చి మూడేళ్లు దాటలేదు కాబట్టి రూకీ ఓవర్‌లే (కొత్తవాళ్లకున్న అదనపు విభాగం) కూడా మీకు వర్తిస్తుంది. దానికి లైసెన్స్ తేదీ అడుగుతారు, కాగితం దగ్గర పెట్టుకోండి.